పాత మోటారు కారు నడక చెడినపుడు ఇంటివద్దనే చేసికొనదగు పరీక్షలు

మన సంఘ సభ్యులలో పలువురి యిండ్లయందు పాత మోటారు కార్లు గలవు. కొన్ని తండ్రులనాడు కొనినవి. కొన్ని పట్టణములయందు పలువురి చేతులు మారి తుదకు పల్లెకు వచ్చినవి. వీనిలో అంబాసిడరు కారు అందఱెఱిగినది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి హిందూస్థాన్ మోటార్సు కంపెనీవారు దీనిని 1957 మొదలు 2014 వఱకు కలకత్తా సమీపమందలి ఉత్తరపాడ కర్మాగారమున నిర్మించిరి. నిర్మాణము నిలిచినను వాడుక నిలువలేదు. విత్తనముల సంచులు, మోటారు పంపులు, పెండ్లివారు, రోగులు అన్నిటికిని ఆ కారే దిక్కుగా నున్న యిండ్లు గలవు.

అట్టి కారు ఇంజను చప్పుడు మాఱినచో యజమాని వెంటనే గ్రహించును. నడక చెడినచో మాత్రము నెలల తరబడి ఓర్చుకొనును. "పాత బండి, కొంచెము ఎడమకు లాగును, స్టీరింగు కాస్త పట్టుకొనవలెను" అని సరిపెట్టుకొనును. ఇది తగదు. ఇంజను చెడినచో కారు నిలిచిపోవును. నడక చెడినచో నిలువవలసిన చోట నిలువదు, తిరుగవలసిన చోట తిరుగదు. మన వాకాటి ప్రాంతమున ఒక ప్రక్క కాలువయు, ఒక ప్రక్క రొయ్యల గుంటయు గల కట్టల మీద రాత్రివేళ పురిటి మనిషినో పాము కఱచినవానినో గూడూరునకు గొనిపోవలసి వచ్చును. ఆ నిమిషమున స్టీరింగులోని రెండంగుళముల వదులు ప్రాణములతో చెలగాటమగును.

నడక దోషములలో పెక్కింటికి కారణము చిన్నది, కనుగొను ఉపాయము సులభము. పైరునకు తెగులు వచ్చినపుడు ఆకు చూడక, వేరు చూడక మందు చల్లుట ఎట్టిదో, కారు ఎడమకు లాగినంత మాత్రమున స్టీరింగు సామానంతయు మార్చుట అట్టిదే. లక్షణము చూచి కారణము వెదకు క్రమమును ఈ వ్యాసమున వివరించుచున్నాము.

బండి నడక, కారు నడక

రెండెడ్ల బండికి స్టీరింగు లేదు. ఎడ్లు తిరిగిన నొగ తిరుగును, నొగతో ఇరుసు తిరుగును, బండి తిరుగును. నాలుగు చక్రముల గుఱ్ఱపు బండ్లలో పూర్వము ముందరి ఇరుసంతయు నడుమ నొక మేకు మీద తిరిగెడిది. మలుపు గట్టిగా తిప్పినపుడు చక్రములు ఒక మూలకు చేరి బండి ఒరిగి పడుటకు వీలుండెడిది. ఇరుసును కదలనీయక, దాని రెండు కొనలయందలి చక్రములను మాత్రమే తిప్పు పద్ధతిని మ్యూనిక్ నగరపు బండ్ల పనివాడగు లాంకెన్‌స్పెర్గర్ కల్పించెను. దానికి 1818లో ఇంగ్లండునందు ఆకర్మన్ అను నతడు తన పేర హక్కుపత్రము పొందెను. నేటి కార్ల స్టీరింగునకు మూలమిదియే.

ఈ పద్ధతివలన మలుపులో లోపలి చక్రము ఎక్కువగను, వెలుపలి చక్రము తక్కువగను తిరిగి రెండును ఈడ్వబడక దొర్లును. కాని యిందు కీళ్ళు పెక్కు. స్టీరింగు చక్రమునుండి టైరు వఱకు గల ప్రతి కీలును కాలక్రమమున అరుగును. ఒక్కొక్క కీలునందు వెండ్రుకవాసి వదులున్నను అన్నియు కలిసి వ్రేలెడు వదులగును.

ముందు చక్రముల నిలుకడకు మూడు కోణములు ముఖ్యములు. చక్రములు రెండును ముందువైపు రవంత దగ్గఱగా నుండుట లోమొగ్గు. మెకానిక్కులు దీనిని టో-ఇన్ అందురు. చక్రపు నెత్తి లోపలికో వెలుపలికో వంగియుండుట ఒరుగు; దీనికి కేంబరని పేరు. చక్రము దేనిని పట్టుకొని కుడియెడమలకు తిరుగునో ఆ పిన్ను పైకొన వెనుకకు వాలియుండుట వెనుకవాలు, ఇది కాస్టరు. మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు తనంత తాను నడిమికి వచ్చుటకు ముఖ్యకారణము ఈ వెనుకవాలే. ఈ మూడింటి కొలతలు ఒక్కొక్క కారునకు ఒక్కొక్క విధముగా నుండును గనుక కారు పుస్తకము చూచియే నిర్ణయింపవలెను.

కావలసిన సామగ్రి, పాటింపవలసిన జాగ్రత్త

ఒక జాకీ, రెండు ఇనుప స్టాండులు, చక్రములకు అడ్డుపెట్టు నాలుగు చెక్కలు, గాలి కొలుచు గేజి, కొలత టేపు, సుద్దముక్క, పురికొస, తాపీపనివారి తూకపు గుండు, స్పానర్లు, గ్రీజు గన్ను, గట్టి వెలుగునిచ్చు టార్చి యుండిన చాలును. చోటు చదునుగా నుండవలెను. వడ్లు ఆరబోయు సిమెంటు కల్లము ఇందుకు మిక్కిలి యనుకూలము. అది సమమట్టమో కాదో తాపీవారు వాడు నీటి గొట్టముతో ముందుగా చూచుకొనవలెను.

ఇక ప్రాణముతో కూడిన మాట. జాకీ కారును ఎత్తుటకే గాని నిలుపుటకు గాదు. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు క్రింద తల పెట్టరాదు, చేయి పెట్టరాదు. ఎత్తిన వెంటనే కారు పుస్తకమున చూపిన గట్టి తావుల క్రింద స్టాండులు నిలిపి, వాని మీదికి బరువు దింపవలెను. ఇటుకలు హఠాత్తుగా పగులును, తాటి మొద్దులు దొర్లును, వానిని వాడరాదు. ముందు చక్రములు ఎత్తినపుడు వెనుక చక్రములకును, వెనుకవి ఎత్తినపుడు ముందువానికిని అడ్డుచెక్కలు పెట్టవలెను. చేతిబ్రేకు వెనుక చక్రములనే పట్టును గనుక వెనుక భాగము ఎత్తినపుడు దానివలన ప్రయోజనము లేదని గుర్తుంచుకొనవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను.

మొదటి మెట్టు: లక్షణమును గుఱుతించుట

పగటివేళ, జనసంచారము లేని తిన్నని రోడ్డు మీద, నెమ్మదియైన వేగమున కారు నడిపి చూడవలెను. జాతీయ రహదారి ఈ పరీక్షకు తగినది కాదు. మన రోడ్లు నడుమ ఎత్తుగను ప్రక్కలకు వాలుగను ఉండును. ఎడమప్రక్క నడుచు కారు ఆ వాలువలన రవంత ఎడమకు పోవుట సహజము. కావున రోడ్డు నిర్మానుష్యముగా నున్నపుడు నడిమి మిట్టమీదను నడిపి చూచి, అచ్చటను లాగినచో దోషమని యెంచవలెను.

క్రింది ప్రశ్నలకు సమాధానములు కాగితముమీద వ్రాసికొనవలెను. కారు ఎల్లప్పుడు ఒకే వైపునకు లాగుచున్నదా, బ్రేకు నొక్కినపుడు మాత్రమే లాగుచున్నదా? తిన్నగా పోక అటునిటు తూలుచున్నదా? ఏదో యొక వేగమున స్టీరింగు వణకుచున్నదా? స్టీరింగు బరువుగా నున్నదా? మలుపు పిమ్మట తానై తిరిగి రాకున్నదా? గతుకు దాటినపుడు ఊగుట ఆగకున్నదా? ఈ వివరములు వ్రాసికొనినవాడు సగము పని చేసినట్లే.

రెండవ మెట్టు: టైర్లు

ఖర్చులేని పరీక్షలు ముందు, ఖర్చుగల మరమ్మతులు తరువాత. ఉదయమున కారు కదలక ముందు, టైర్లు చల్లగా నున్నపుడు గాలి కొలువవలెను. నడచిన పిమ్మట వేడిమికి గాలి పెరిగి కొలత తప్పును. ముందు టైర్లు రెండింటను సమానమైన గాలి యుండవలెను. ఒకదానిలో తక్కువైనచో కారు ఆ వైపునకు లాగును. రెండింటను తక్కువైనచో స్టీరింగు బరువెక్కి, కారు తూలును.

తరువాత టైరు అరుగుదలను చదువవలెను. ఆకు చూచి తెగులు చెప్పినట్లు టైరు చూచి దోషము చెప్పవచ్చును. రెండంచులును అరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువ. నడుమ అరిగి అంచులు మిగిలినచో గాలి ఎక్కువ. ఒకే అంచు అరిగినచో ఒరుగు తప్పినది. అరచేతితో అడ్డముగా నిమిరినపుడు ఒక దిశను నున్నగను, ఎదురు దిశను రంపపు పళ్ళవలె గఱుకుగను తగిలినచో లోమొగ్గు తప్పినది. అక్కడక్కడ గిన్నెలవలె పల్లములు పడినచో షాకబ్జార్బర్లు బలము తగ్గినవి, లేదా చక్రము తూకము తప్పినది.

టైరు లోపలి పొరలు చెడి పైకి బాగుగా కనబడుటయు కలదు. అట్టి అనుమానమున్నచో ముందరి కుడి చక్రమును ఎడమకు, ఎడమ చక్రమును కుడికి మార్చి నడుపవలెను. లాగు వైపు మాఱినచో దోషము టైరుది. మాఱకున్నచో టైరును విడిచి ముందునకు పోవలెను. ఈ యొక్క పరీక్ష అనవసరమైన వ్యయమును పెక్కుమార్లు తప్పించును.

పాత కార్లకు అడ్డుపొరల టైర్లుండెడివి. ఇపుడు రేడియల్ టైర్లే విరివిగా దొరకును. ఒకే ఇరుసునకు ఒక ప్రక్క ఒక రకము, రెండవ ప్రక్క వేఱొక రకము వేయరాదు. రెండు రకములు తప్పనిసరియైనచో రేడియల్ జత వెనుకనే యుండవలెను. ముందు రేడియల్, వెనుక అడ్డుపొరలవి వేసిన కారు మలుపున వెనుక భాగము జాఱి గిఱ్ఱున తిరుగవచ్చును.

చక్రపు నట్లు బిగువుగా నున్నవో లేవో చూచుట మఱువరాదు. ఎదురెదురు నట్లను వరుసగా బిగింపవలెను. ఒక ప్రక్కనుండి చుట్టుగా బిగించినచో చక్రము వంకరగా కూర్చుండును.

మూడవ మెట్టు: బేరింగులు, కీళ్ళు

ముందు భాగమును ఎత్తి స్టాండులమీద నిలుపవలెను. చక్రమును పైన నొక చేత, క్రింద నొక చేత పట్టి లోనికిని వెలికిని ఊపవలెను. వదులు కనబడినచో లోపల కూర్చున్నవానిని బ్రేకు నొక్కుమనవలెను. బ్రేకు నొక్కగానే వదులు పోయినచో దోషము చక్రపు బేరింగునందున్నది. బ్రేకు నొక్కినను వదులు మిగిలినచో దోషము కింగ్ పిన్ను, దాని బుష్షులు, లేదా క్రింది కీళ్ళయందున్నది. పిమ్మట చక్రమును కుడియెడమ ప్రక్కల పట్టి ఊపవలెను. ఇపుడు వదులు తోచినచో టై రాడ్ కొనలయందో స్టీరింగు సామానునందో అరుగుదల కలదు.

బేరింగు వదులైనచో విప్పి చూడవలెను. గుంటలు పడినను, నీలిరంగు తిరిగినను మార్చవలెను. బాగుగా నున్నచో కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, బేరింగు గ్రీజు నించి, పుస్తకమున చెప్పిన బిగువునకు బిగింపవలెను. ఏటవాలు రోలర్లు గల బేరింగులకు సాధారణ క్రమమిది: చక్రమును త్రిప్పుచు నట్టును రవంత పట్టు తగులు వఱకు బిగించి, పిమ్మట స్ప్లిట్ పిన్ను దూరునట్లు దగ్గఱి రంధ్రమునకు వదలవలెను. అతిబిగువు బేరింగును కాల్చును. పాత స్ప్లిట్ పిన్నును నిటారు చేసి మరల వాడరాదు. క్రొత్త పిన్ను ఖరీదు అత్యల్పము, అది విఱిగినచో చక్రమే ఊడును.

స్టీరింగు వదులు చూచుటకు కారును నేలమీద నిలుపవలెను. చక్రములు తిన్నగా నుంచి, స్టీరింగు అంచున సుద్దతో గీత గీచి, చక్రములు కదలనంత మేరకు అటునిటు త్రిప్పి ఆ దూరమును కొలువవలెను. అంబాసిడరు కారునకు పండ్ల కడ్డీ, పండ్ల చక్రము గల రాక్ అండ్ పినియన్ స్టీరింగు కలదు. అందు వదులు మిక్కిలి స్వల్పముగా నుండవలెను. పెట్టె గల స్టీరింగులయందు కొంత యుండుట సహజము. ఎంతవఱకు ఉండవచ్చునో పుస్తకము చెప్పును.

వదులున్నదని తెలిసిన పిమ్మట అది ఏ కీలునందున్నదో కనుగొనవలెను. ఒకడు లోపల స్టీరింగును మెల్లగా అటునిటు ఊపుచుండగా, రెండవవాడు ఒక్కొక్క కీలుమీద వ్రేలిని ఇరుభాగములను తాకునట్లు ఉంచవలెను. ఏ కీలునందు ఒక భాగము కదలి రెండవది ఆలస్యముగా కదలునో ఆ వ్రేలికి తెలియును. కంటికి కనబడని వదులు వ్రేలికి చిక్కును. అరిగిన టై రాడ్ కొనను మార్చవలయునే గాని సుత్తితో కొట్టి బిగించుట, తీగ చుట్టుట ప్రమాదకరములు. స్టీరింగు రాక్ పట్టునట్లే వదులైయున్నచో అనగా అది ఒడలికి బిగింపబడిన బోల్టులే కదలుచున్నచో, మొదట వానిని బిగించి మరల కొలువవలెను.

స్టీరింగు బరువుగా నుండి, తానై తిరిగి రాకున్నచో కీళ్ళు ఎండియుండుటయే తఱచు కారణము. గ్రీజు నిప్పిళ్ళను తుడిచి, పాత నల్లని గ్రీజు వెడలి క్రొత్తది కనబడు వఱకు గన్నుతో ఎక్కింపవలెను. మట్టితో కూడిన నిప్పిలును తుడువక గ్రీజు ఎక్కించుట కీలులోనికి ఇసుకను ఎక్కించుటయే. చక్రములు నేలనుండి ఎత్తియుండగా గ్రీజు లోనికి బాగుగా పోవును. మన తీరమున ఉప్పుగాలియు, సన్నని ఇసుకయు, తుపానుల కాలమున నీటిలో దిగుటయు కలవు గనుక లోతు నీటిలో నడచిన ప్రతిసారియు గ్రీజు పట్టించుట లాభకరము.

నాలుగవ మెట్టు: కమానులు, షాకబ్జార్బర్లు, వెనుక ఇరుసు

కారు ఒక్కొక్క మూలను బలముగా నొక్కి విడువవలెను. అది పైకి లేచి ఒక్కమారు తగ్గి నిలువవలెను. రెండు మూడు మార్లు ఊగినచో ఆ మూలనున్న షాకబ్జార్బరు పని ముగిసినదనుట. నూనె కారుచున్నను అంతే. పాత అంబాసిడర్లయందు చేయి కలిగిన షాకబ్జార్బర్లుండును. వానిలో నూనె తగ్గినచో చెప్పబడిన నూనెనే పోయవలెను. ఇంజను నూనె, బ్రేకు నూనె పోయరాదు. ఒక ఇరుసునకు రెండింటిని జతగా మార్చుట మేలు.

చదును నేలమీద ఖాళీ కారును నిలిపి, నాలుగు చక్రముల నడిమినుండి పైనున్న మడ్‌గార్డు అంచు వఱకు కొలువవలెను. ముందరి కుడియెడమలకు గాని, వెనుక కుడియెడమలకు గాని హెచ్చు భేదము కనబడినచో ఆ వైపు కమాను క్రుంగినది. అంబాసిడరు ముందు భాగమున కట్టలు గాక మెలిపడు ఉక్కు కడ్డీలు గలవు. వీనిని టార్షన్ బారులందురు. ఇవి నిలిచియున్నపుడును మెలిబలమును నించుకొనియుండును. తగిన పనిముట్లు లేక వీనిని విప్పబోయినవాని చేయి విఱుగును. ఇది ఇంటివద్ద చేయు పని కాదు; తెలిసిన మేస్త్రికే విడువవలెను.

వెనుకనున్న కమాను కట్టలు మాత్రము రైతు చక్కగా పరీక్షింపదగినవి. ఆకులలో ఏదైన విఱిగినదా, కట్టను ఇరుసునకు బిగించు యూ-బోల్టులు వదులైనవా, ఆకులను కూర్చు నడిమి బోల్టు తెగినదా, కొనలయందలి రబ్బరు బుష్షులు నలిగినవా చూడవలెను. రబ్బరు బుష్షులకు గ్రీజు, నూనె తగులనీయరాదు. అవి రబ్బరును ఉబ్బించి చెఱచును. బుష్షుల బోల్టులను కారు బరువు చక్రములమీద నున్నపుడే తుదిగా బిగింపవలెను.

ఇరుసు తన స్థానమున నున్నదో లేదో తెలిసికొను ఉపాయము అతిసులభము. ముందు చక్రములను తిన్నగా నిలిపి, ఎడమప్రక్క ముందు చక్రపు నడిమినుండి వెనుక చక్రపు నడిమి వఱకు పురికొస పట్టి కొలువవలెను. కుడిప్రక్కను అట్లే కొలువవలెను. రెండును సమానముగా నుండవలెను.

ఇందునకు మేము గ్రామపర్యటనమున చూచిన యుదాహరణమొకటి చెప్పుచున్నాము. ఒక రైతు కారు కొంతకాలముగా కుడికి లాగుచుండెను. పట్టణమున నొక మేస్త్రి స్టీరింగు సామానంతయు మార్చవలెనని చెప్పెను. రైతు ఆ ఖర్చునకై బస్తాలు అమ్మ నుంకించెను. టైర్లు మార్చి చూడగా లాగు వైపు మాఱలేదు. కీళ్ళయందు చెప్పదగిన వదులు లేదు. పురికొసతో కొలువగా ఎడమప్రక్క చక్రముల నడిమి దూరము కుడిప్రక్కకంటె ఒక వ్రేలెడు ఎక్కువగా నుండెను. ఎడమ కట్ట నడిమి బోల్టు తెగి, యూ-బోల్టులు వదులై, వెనుక ఇరుసు ఎడమకొన వెనుకకు జరిగియుండెను. ఇరుసు అట్లు జరిగినపుడు వెనుక చక్రముల మొగము ఎడమకు తిరుగును. కారు వెనుక భాగము ఎడమకు పోయి, ముక్కు కుడికి తిరుగును. పడవ నడుపువారికి చుక్కాని విషయమున ఇది విదితమే. బోల్టులు మార్చి, ఇరుసును సరిచేసి, కారు బరువు చక్రములమీద నుంచి ఎదురెదురుగా బిగించినంతనే కారు తిన్నగా నడచెను. కొన్ని దినములు నడపిన పిమ్మట ఆ బోల్టులను మరల బిగించి చూడుమని చెప్పితిమి. క్రొత్తగా బిగించిన కట్ట సర్దుకొనుటవలన బోల్టులు రవంత సడలుట కలదు.

వేగము హెచ్చించునపుడు ఒక వైపునకును, పెడలు విడిచినపుడు మఱియొక వైపునకును పోవు కారునందు ముందుగా ఈ యూ-బోల్టులనే చూడవలెను.

త్రుప్పు

అంబాసిడరునకు లారీవలె వేఱు చట్రము లేదు. దాని ఒడలే చట్రము. కమాను కొనలు, స్టీరింగు సామాను ఒడలి రేకులకే బిగింపబడియుండును. ఆ రేకులు త్రుప్పుపట్టి పుచ్చినచో ఎంత క్రొత్త కమాను వేసినను ప్రయోజనము లేదు. పుచ్చిన గుంజకు క్రొత్త పలుపు కట్టినట్లగును. సముద్రపు గాలి తగులు మన గ్రామములలో ఇది గొప్ప శత్రువు. కమాను తగులు చోట్లను స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడవలెను. మొన దిగినచో, రేకు పొరలుగా రాలినచో, ఆ కారును నడుపుట మాని మంచి వెల్డింగు పనివానికి చూపవలెను. సముద్రపు ఒడ్డునకును రొయ్యల గుంటలకును పోయివచ్చినపుడు కారు అడుగును మంచినీటితో కడుగుట సులభమైన నివారణోపాయము.

బ్రేకు నొక్కినపుడు మాత్రమే లాగుట

ఇది స్టీరింగు దోషము కాదని మొదట గ్రహింపవలెను. కారు గట్టిగా పట్టిన బ్రేకు వైపునకు లాగును; పట్టని బ్రేకు రెండవ వైపునుండును. కావున ఎడమకు లాగినచో కుడి బ్రేకును ముందుగా విప్పి చూడవలెను. బ్రేకు నూనె కారి లైనింగులు తడియుట, లైనింగులు అరుగుట, సర్దుబాటు సమానముగా లేకుండుట సామాన్య కారణములు. నూనె త్రాగిన లైనింగును మార్చవలెనే గాని కాల్చి, తుడిచి మరల వేయరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. దానిని నోటితో గాని గాలిపంపుతో గాని ఊదక తడిగుడ్డతో తుడువవలెను. నీటిలో దిగి వచ్చిన పిమ్మట మెల్లగా నడపుచు బ్రేకును తేలికగా నొక్కి ఆరనీయవలెను. ఆరిన పిమ్మట లాగుట పోయినచో అది దోషము కాదు.

తుది మెట్టు: లోమొగ్గు కొలత

దీనిని తుదకు చెప్పుటకు కారణము కలదు. కీళ్ళు వదులుగా నుండగా చేసిన కొలత రేపటికి నిలువదు. చాలమంది మొదటనే వీల్ అలైన్‌మెంటునకు పోయి డబ్బు వ్యయపఱచి, వదులు కీళ్ళతో తిరిగి వత్తురు. కీళ్ళు, బేరింగులు, కమానులు సరియైన పిమ్మటనే ఈ పని చేయవలెను.

ముందు చక్రముల నెత్తి, ఒక్కొక్క దానిని త్రిప్పుచు, కదలని దిమ్మెకు బిగించిన మేకు మొనతో టైరు నడుమ చుట్టును సన్నని గీత గీయవలెను. కారును దింపి, కొన్ని అడుగులు ముందునకు త్రోసి, స్టీరింగు తిన్నగా నుంచి నిలుపవలెను. చక్రపు నడిమి యెత్తున, టైర్ల ముందువైపు ఆ రెండు గీతల నడిమి దూరమును, అదే యెత్తున వెనుకవైపు దూరమును ఇద్దఱు టేపు పట్టి కొలువవలెను. టేపునకు ఇంజను సామాను అడ్డమైనచో తూకపు గుండుతో గీతలను నేలమీదికి దింపి, సుద్దతో గుఱుతుంచి కొలువవచ్చును. ముందు కొలత వెనుక కొలతకంటె తక్కువైనచో లోమొగ్గు, ఎక్కువైనచో వెలిమొగ్గు. భేదము మిల్లీమీటరులలోనే యుండును గనుక మూడుమార్లు కొలిచి, పుస్తకముతో పోల్చవలెను. సరిచేయునపుడు ఇరుప్రక్కల టై రాడ్లను సమానముగా త్రిప్పవలెను. ఒకదానినే త్రిప్పినచో స్టీరింగు చక్రము వంకరగా నిలుచును. లాక్ నట్లను బిగించుట మఱువరాదు.

ఒరుగును కొలుచుటకు తూకపు గుండును చక్రము ప్రక్క వ్రేలాడదీసి, దారమునుండి చక్రపు రేకు పై అంచునకును క్రింది అంచునకును గల దూరములను చూడవలెను. కుడియెడమలకు స్పష్టమైన భేదమున్నచో ఏదియో వంగినది లేదా క్రుంగినది; అపుడు మేస్త్రి సాయము కావలెను. వెనుకవాలును ఇంటివద్ద కొలుచుట కష్టము.

లక్షణములు, ముందుగా చూడవలసినవి

ఎల్లప్పుడు ఒక వైపునకు లాగుట: గాలి, టైరు, వెనుక ఇరుసు స్థానము, క్రుంగిన కమాను, విడువక పట్టియుండు బ్రేకు.
బ్రేకుతో మాత్రమే లాగుట: ఎదుటి వైపు బ్రేకు.
తూలుట: గాలి, స్టీరింగు వదులు, యూ-బోల్టులు, లోమొగ్గు.
ఒక వేగమున వణకుట: చక్రపు తూకము, వంగిన చక్రము, బేరింగు, కింగ్ పిన్ను.
స్టీరింగు బరువు, తిరిగి రాకుండుట: గాలి, గ్రీజు, బిగిసిన కింగ్ పిన్ను.
ఊగుట ఆగకుండుట: షాకబ్జార్బర్లు.

సభ్యులకు మనవి

ఈ పరీక్షలలో ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, కారు నడిపి చూచి, ఫలితమును వ్రాసికొనవలెను. ఒకేమారు నాలుగు మార్చినచో ఏది గుణమిచ్చినదో తెలియదు. ఎరువుల ప్రయోగమందును మేము చెప్పునది ఇదియే. స్టీరింగునకు, బ్రేకులకు సంబంధించిన భాగములను కొనునప్పుడు తక్కువ వెలను చూచి నకిలీ సామాను తీసికొనరాదు. పని ముగిసిన పిమ్మట తెలిసిన మేస్త్రిచే ఒకమారు సరిచూపించుకొనుట వివేకము.

సొంతకారు రిజిస్ట్రేషను మొదటి పదునైదేండ్లకు చెల్లును. తరువాత ఐదేసి యేండ్లకు తనిఖీ చేయించి పొడిగించుకొనవలెను. పై పరీక్షలు ముందుగా చేసికొనినవాడు తనిఖీకి భయపడనక్కఱ లేదు.

జాకీ, స్టాండులు, గ్రీజు గన్ను, గాలి గేజి ఒక్కొక్క రైతు కొనుటకంటె సంఘము ఒక జత కొని గిడ్డంగియందుంచి, స్వల్పమైన అద్దెకు సభ్యుల కిచ్చుట లాభకరము. స్ప్రేయరులను పంచుకొనినట్లే వీనిని పంచుకొనవచ్చును. ముఖ్యముగా స్టాండులు లేవను కారణమున ఎవ్వరును ఇటుకలమీద కారు నిలిపి దాని క్రిందికి పోకుందురు గాక. రాబోవు వానకాలమునకు ముందే సభ్యులు తమ కార్ల టైర్లు, యూ-బోల్టులు, స్టీరింగు కీళ్ళు చూచుకొందురని ఆశించుచున్నాము.